ఖాజాగూడ గుండ్లు వరదకు కొట్టుకొచ్చినవి కావండీ

శైథిల్యం (రాయి ఉన్నచోటే శిథిలమవడం), క్రమక్షయం (ఆ ముక్కలు కొట్టుకుపోవడం), నిక్షేపణ (అవి మరోచోట మేట వేయడం) మూడింటికీ హైదరాబాద్‌లోనే ఉదాహరణలు రాయమన్నారనీ, మీ పాప ఖాజాగూడ గుండ్లను క్రమక్షయం కింద రాస్తే టీచరు కొట్టేశారనీ అడిగారు కదా. టీచరు చేసింది సబబే. ఆ గుండ్లు ఎక్కడినుంచో దొర్లి రాలేదు, ఉన్నచోటే తయారయ్యాయి.

అది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. నేలలో ఉండగానే అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడ్డాయి. వాటిలోకి దిగిన నీరు మూలల్ని అన్ని వైపులనుంచీ తినేసింది, అందుకే ఆ గుండ్రదనం. ఇది శైథిల్యం. పాపను దగ్గరికి తీసుకెళ్లి చూపించండి: ఉల్లిపొరల్లా పెచ్చులు లేచి, కింద మొరం (గరుకైన రాతిపొడి) రాలి ఉంటుంది. నలిపితే వేళ్లకు గరగరలాడేది క్వార్ట్జ్ అనే ఖనిజం. తెల్లగా పిండయ్యేది ఫెల్‌స్పార్ అనే ఖనిజం, మెల్లగా బంకమట్టి అవుతోందన్నమాట.

ఆ మొరాన్ని వాననీరు ఈడ్చుకుపోతే క్రమక్షయం. చుట్టూ మట్టి అలా పోయాకే గుండ్లు బయటపడ్డాయి కాబట్టి పాపకు అర మార్కయినా అడగొచ్చు! నిక్షేపణకు మూసీ వంపుల్లో లోపలి ఒడ్డు చూడండి, నీటి వేగం తగ్గిన చోట ఇసుక మేట వేస్తుంది. చెరువుల్లో పూడికా అంతే. జవాబుకు ఫొటో జతచేస్తే మాత్రం గుండుది కాదు, దాని అడుగున రాలిన మొరానిది పెట్టించండి.