కొమ్ము కాదు, ఒరలోని ఎముక

చిరంజీవికి,

కొమ్ముల పుట్టుక మీద నీ వ్యాసం అందింది. చదివించే గుణం ఉంది. నాలుగో పేజీలో మాత్రం ఒళ్లు మండింది. "శత్రువులను ఎదిరించడానికి ప్రకృతి నెమరువేసే జంతువులకు కొమ్ములను ప్రసాదించింది" అన్నావు. ప్రసాదం పంచడానికి ప్రకృతి ఏమైనా పూజారా? ఆడ కృష్ణజింకకు మామూలుగా కొమ్ములుండవు. తోడేలు దాన్ని వదిలిపెడుతుందా? మగవాటి తగాదాల మాట ఎక్కడా ఎత్తలేదేం? నాలుగు కోట్ల ఏళ్ల నాటి తొలి నెమరువేసే జంతువుల్లో ఒకటైన ఆర్కియోమెరిక్స్‌కు కొమ్ములే లేవు. అంత దూరం ఎందుకు, అమ్రాబాద్ అడవిలోని మూషిక జింకను చూడు. బోడితల, మగదానికి పైదవడ నుంచి దిగిన సన్నని కోరలు.

ఇక అసలు గొడవ. ఆవులూ మేకల కుటుంబంలో తొలి జంతువుల్లో ఒకటైన, కోటీ ఎనభై లక్షల ఏళ్ల కిందటి ఇయోట్రాగస్ "కొమ్ము దొరికింది" అని రాశావు. దొరికింది కొమ్ము కాదు, లోపలి ఎముక.

నా చిన్నప్పుడు మా దాపటి ఎద్దు కొమ్ము బండిచక్రంలో ఇరుక్కుంది. మా నాన్న విడిపించబోతే పైతొడుగు కత్తి ఒరలా ఊడి చేతికొచ్చింది. లోపల నెత్తురోడుతూ గరుకైన ఎముక. పసుపూ వేపనూనే పెట్టి గుడ్డ చుట్టాం. నెలల తర్వాత పొర కట్టింది గానీ పాత సొగసు రాలేదు. ఊడిన ఒరను పెరట్లో పడేస్తే పురుగులు తిన్నాయి. కోట్ల ఏళ్లు మట్టిలో నిలిచేది ఎముకే. దుప్పి కొమ్ముకు ఈ ఒర ఉండదు, అది మొత్తం ఎముక, ఏటా రాలుతుంది. జిరాఫీ కొమ్ములోని ఎముకకు చర్మమే కప్పు. మనకు అన్నిటికీ కొమ్మనే ఒక్క మాట ఉంది కాబట్టి నువ్వే విడమరచి చెప్పాలి. ఏం దొరికిందో ముందు రాయి, ఏమనుకుంటున్నారో తర్వాత.

ఒకప్పుడు ఒక వారపత్రికకు నేనిదే రాశాను. "ఎముక బొడిపె" అంటే పాఠకులకు అన్నం సహించదని సంపాదకుడు ఆ మాట కొట్టేసి, పైన మెలితిరిగిన కొమ్ముల బొమ్మ వేయించాడు. ఇయోట్రాగస్‌వి కళ్ల మీద నిటారుగా నిలిచే పొట్టి మేకులు! ఇరవై ఏళ్లయినా ఆ బొమ్మ గుర్తొస్తే నిద్ర పట్టదు.

ఫ్రాన్స్‌లో శిలాజాలకు పేరుపడ్డ సాన్సాన్‌లో 1834లో శాస్త్రవేత్త లార్తే తవ్వకాలు మొదలుపెట్టిన కథ రెండు వాక్యాల్లో తేల్చేశావు, అది పెంచు. జిరాఫీ చుట్టమైన శివాథీరియం పేరా తీసెయ్. ముచ్చటైన జంతువే గానీ చాలా తర్వాతిది.

వ్యాసాల పోటీల గురించి అడిగావు, నాకు తెలియదు. నీ వ్యాసం ప్రతిని తిప్పి పంపుతున్నాను. పెన్సిలు గీతలు నావి, టీ మరక మనవరాలిది.