యాప్ మూసినా పైథాన్ ప్రాసెస్ ఆగకపోతే

ఎలక్ట్రాన్‌తో (వెబ్ టెక్నాలజీతో డెస్క్‌టాప్ యాప్‌లు చేసే ఫ్రేమ్‌వర్క్) చేసిన యాప్ మూసేశాక కూడా పైథాన్ సర్వర్ నడుస్తూనే ఉంటోంది, మళ్లీ తెరిస్తే పోర్ట్ 5000 ఖాళీ లేదంటోంది, అదీ విండోస్‌లోనే అన్నారు కదా. మీరు పెట్టిన కోడ్‌లో స్పాన్‌కి, అంటే కొత్త ప్రాసెస్‌ని మొదలుపెట్టే ఫంక్షన్‌కి, షెల్ ఆప్షన్ ట్రూ అని ఉంది, గొడవంతా అక్కడే. అలా ఇస్తే మీ చేతికొచ్చే పీఐడీ (ప్రాసెస్ నంబర్) పైథాన్‌ది కాదు, మధ్యలో లేచిన సీఎండీది, అంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌ది. కిల్ అనగానే అది పోతుంది, దాని కింద పైథాన్ మాత్రం అలాగే ఉండిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి పీఐడీలు పోల్చి చూడండి, తెలిసిపోతుంది.

ముందు ఆ ఆప్షన్ తీసేయండి. పైఇన్‌స్టాలర్‌తో (పైథాన్ ప్రోగ్రామ్‌ని నేరుగా నడిచే ఫైలుగా మార్చే టూల్) ఒకే ఫైలుగా ప్యాక్ చేస్తే అదొక్కటే చాలదు, ఎందుకంటే అక్కడ ఎలాగూ రెండు ప్రాసెస్‌లు లేస్తాయి. అప్పుడు విండోస్‌లో ప్రాసెస్‌లని ఆపే టాస్క్‌కిల్ కమాండ్‌ని స్లాష్ టీ (కింది ప్రాసెస్‌లతో సహా), స్లాష్ ఎఫ్‌లతో (బలవంతంగా) పిలవాలి. లినక్స్, మ్యాక్‌లలో స్పాన్‌కి డిటాచ్డ్ ట్రూ ఇచ్చి విడి గ్రూప్‌గా మొదలుపెట్టి, ఆపేటప్పుడు పీఐడీ ముందు మైనస్ పెడితే గ్రూప్ అంతా ఆగుతుంది.

కానీ యాప్ క్రాష్ అయితే ఈ కోడేదీ నడవదు, అసలు టెన్షన్ అదే. అందుకే నేను ప్రతి ప్రాజెక్టులోనూ పైథాన్ వైపు ఒక థ్రెడ్‌ని స్టాండర్డ్ ఇన్‌పుట్ చదువుతూ కూర్చోబెడతాను. పేరెంట్, అంటే ఎలక్ట్రాన్ యాప్, ఎలా పోయినా రెంటినీ కలిపే పైపు మూసుకుపోతుంది, రీడ్ ఖాళీగా తిరిగొస్తుంది, వెంటనే ఓఎస్ డాట్ అండర్‌స్కోర్ ఎగ్జిట్ పిలిస్తే ప్రాసెస్ మొత్తం ఆగుతుంది. సిస్ డాట్ ఎగ్జిట్ వాడకండి, ఆ ఒక్క థ్రెడ్డే ఆగుతుంది. స్పాన్‌లో స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని ఇగ్నోర్ అని పెట్టారు, దాన్ని పైప్‌గా మార్చండి.