ఉద్యోగం మానేసేముందు అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 1.15 లక్షలు వస్తాయి. స్లో లివింగ్ పద్ధతిలో నిదానంగా బతకాలని, వచ్చే వేసవిలో ఉద్యోగం మానేసి భార్య, 9 ఏళ్ల పాప, మధుమేహం ఉన్న మా అమ్మతో కలిసి విశాఖపట్నం వచ్చేద్దామనుకుంటున్నాను. భీమిలి వైపు ఇంటిస్థలానికి తక్కువపడే 12 లక్షలను జీతం ఉండగానే వ్యక్తిగత రుణంగా తీసుకుంటాను. నెల ఖర్చు 35 వేలు. ఆన్‌లైన్ పనులతో 40 వేలు వస్తాయని అంచనా. బ్యాంకులో 6 లక్షలు, ఫండ్లలో 20 లక్షలు ఉన్నాయి. నా లెక్క సరైనదేనా?

జవాబు: విశాఖకు రావాలన్న మీ నిర్ణయానికి నేను అడ్డు చెప్పను. అప్పుకు మాత్రం ఒప్పుకోను. రాజీనామాకు ముందే జీతపు స్లిప్పులు చూపించి రుణం తీసేసుకోవాలన్న ఆలోచన చాలామందిలో కనిపిస్తోంది గనుకనే మీ ప్రశ్నకు జవాబిస్తున్నాను. 12 శాతం వడ్డీతో అయిదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 26,700 అవుతుంది. మీ 35 వేలకు దాన్ని కలిపితే 61,700. అంచనా వేసిన 40 వేలు మొదటి నెల నుంచే వచ్చినా అది తీరదు. పని దొరకడం ఆలస్యమైతే మీ 6 లక్షలు పది నెలలు కూడా రావు. రేపు మీకు అప్పివ్వడానికి బ్యాంకు ఎందుకు వెనుకాడుతుందో, ఈ రోజు మీరూ అందుకే వెనుకాడాలి.

అసలు 35 వేల దగ్గరే నాకు అనుమానం ఉంది. మీరు జతచేసిన పట్టికలో రైతుబజారు కూరగాయలకు 4,000, చేపలకు 3,000 రాసుకున్నారు గానీ, అమ్మగారి మందులకు, పాప బడి బస్సుకు గడే లేదు. స్లో లివింగ్‌ను ఊళ్లకు వర్తింపజేస్తూ ఇటలీలో 1999లో మొదలైన చిత్తాస్లో (నిదానపు ఊళ్లు) ఉద్యమం 50 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకే సభ్యత్వం ఇస్తుంది. 2011 నాటికే జనాభా 17 లక్షలు దాటిన విశాఖలో అద్దెలు, ఫీజులు, ఆసుపత్రి బిల్లులు నగరం ధరల్లోనే ఉంటాయి. కాబట్టి ఖర్చు 45 వేలుగా వేసుకుని, రాబడి నిలకడగా ఉండదు గనుక 18 నెలలకు సరిపడా 8.1 లక్షల అత్యవసర నిధిని సిద్ధం చేయండి. తక్కువైన 2.1 లక్షలు ఇప్పటి జీతం నుంచి కూడిన తరువాతే రాజీనామా చేయండి. ఫండ్లను, పీఎఫ్‌ను ఈ నిధి కింద లెక్కించవద్దు. కొంత సొమ్ము నోట్ల రూపంలో ఇంట్లోనూ ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేక ఏటీఎంలు పనిచేయలేదు.

ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. ఆఫీసు పాలసీ ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. కొత్తగా తీసుకునే పాలసీలో అప్పటికే ఉన్న జబ్బులకు 36 నెలల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు. అందువల్ల ముగ్గురికీ కలిపి ఒక పాలసీ, అమ్మగారికి విడిగా మరొకటి ఈ నెలలోనే తీసుకోండి. ఆవిడ మధుమేహాన్ని దరఖాస్తులో దాచకుండా రాయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ కూడా లేదు.

స్థలం సంగతి ఒక ఏడాది అద్దె ఇంట్లో ఉన్నాక చూడవచ్చు. ఫండ్లను కదపవద్దు. టర్మ్ పాలసీ (నిర్ణీత కాలానికి జీవిత బీమా) లేకపోతే, ఆదాయ రుజువు అడుగుతారు గనుక, ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి.