రాత్రి రెండు గంటలకు అక్కడ ఎవరుంటారు?

చిరంజీవి కిరణ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

హైదరాబాదు శివార్లలో వయోవృద్ధుల కోసం కడుతున్న సముదాయంలో రెండు అసిస్టెడ్ లివింగ్ ఫ్లాట్లు (రోజువారీ పనుల్లో సాయం చేసే మనుషులుండే ఇళ్ళు) కొని అద్దెకిద్దామనుకుంటున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. డల్లాస్‌లో కష్టపడి దాచిన డబ్బును మన ఊరి పెద్దవాళ్ళ వసతికి వెచ్చించాలనుకున్నందుకు గర్వంగా అనిపించింది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఆ సముదాయానికి రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉందో లేదో తెలంగాణ రెరా వెబ్‌సైటులో సరిచూసుకో. ఈసీని (ఆస్తి మీద తాకట్టులేమైనా ఉన్నాయా అని చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లను (ఆ ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) లాయరుకు చూపించు. నీవు ఎన్నారైవి కనుక అద్దె ఇచ్చేవారు దానిమీద టీడీఎస్ (ముందుగానే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, ఆ లెక్క ఆడిటరుకు అప్పగించు. కొన్నవాళ్ళు కట్టిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలని, కట్టడంలో లోపాలు బయటపడితే ఐదేళ్ళ వరకు బిల్డరే సరిచేయాలని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. అయితే అది ఇల్లు కట్టి అప్పగించడానికి సంబంధించిన చట్టం. ఇంట్లో చేరిన మనిషిని రేపు ఎవరు చూసుకుంటారన్నది వేరే ఒప్పందంలో ఉంటుంది, నేను చదవనిది ఆ ఒప్పందమే.

2013లో మా అత్తగారి కోసం అలాంటి ఫ్లాటే కొన్నాను. ముప్పై ఏళ్ళు బ్యాంకులో గృహరుణాల కాగితాలు చూసినదాన్ని కనుక పత్రాలలో అక్షరం తప్పినా పట్టుకోగలననే ధీమా ఉండేది. వెడల్పాటి తలుపులు, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీలు, గంట మోగించే తాడు చూసి మురిసిపోయాను. నర్సులను, వంటవాళ్ళను నడిపించే సంస్థ వేరేదని, బిల్డరుతో దాని ఒప్పందం మూడేళ్ళకేనని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మూడేళ్ళు నిండగానే ఆ సంస్థ వెళ్ళిపోయింది. రాత్రి నర్సును తీసేసి గేటు దగ్గర ఒక వాచ్‌మన్‌ను మాత్రం ఉంచారు. ఒకనాటి రాత్రి రెండు గంటలకు అత్తయ్య స్నానాలగదిలో జారిపడి తాడు లాగారు. గంట తాళం వేసిన ఆఫీసు గదిలో మోగింది. తెల్లవారి పాలు తెచ్చిన కుర్రవాడు చూసేవరకు ఆవిడ ఆ తడి నేలమీదే ఉన్నారు. తుంటి ఎముక విరిగింది, ఆ తరువాత ఆవిడ మంచం దిగలేదు, ఏడు నెలలకు పోయారు. ఆ ఫ్లాటును అమ్ముదామంటే అరవై దాటినవారికే అమ్మాలన్న షరతు అడ్డు వచ్చింది. రెండేళ్ళు ఖాళీ ఇంటికి మెయింటెనెన్స్ కట్టి, చివరకు కొన్నదానికన్నా తక్కువకు వదులుకున్నాను. డబ్బు పోయినందుకు బాధపడలేదు. ఆ గంట ఎక్కడ మోగుతుందని ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఏడాదికి ఎంత శాతం గిట్టుతుందని నీవు మొదట అడిగావట. అది ముందు అడగవలసిన ప్రశ్న కాదు, నాయనా. మామూలు ఫ్లాటులో తాళంచెవి ఇచ్చేస్తే అద్దె వస్తుంది, ఇక్కడ మాత్రం స్నానం చేయించేవారికి, మందులు వేసేవారికి జీతాలిచ్చి మిగిలినదే నీకు అద్దెగా వస్తుంది. ఎవరైనా మరీ ఎక్కువ అద్దెకు హామీ ఇస్తున్నారంటే ఏ జీతాన్ని కోసి ఇస్తున్నారో కనుక్కో. నడిపే సంస్థ ఒప్పందం ఎన్నేళ్ళకు, అది వెళ్ళిపోతే కొత్తవారిని ఎవరు తెస్తారు, నెలసరి రుసుము ఎంతవరకు పెంచవచ్చు, తిరిగి అమ్మేటప్పుడు ఏ షరతులు వర్తిస్తాయి అన్నవన్నీ రాతపూర్వకంగా తీసుకో. వాళ్ళు ఇప్పటికే నడుపుతున్న సముదాయం ఉంటే, అందులో ఎన్ని గదులు నిండాయో చూడకుండా అడ్వాన్సు కట్టకు.

కోప్పడుతున్నానని అనుకోకు. ఆ రెండు ఫ్లాట్లలో ఒకటి ఎప్పటికైనా మీ అమ్మకని నీవన్న మాట కూడా తనే నాకు చెప్పింది. అది నా చెల్లెలు, చిన్నప్పటి నుంచి చీకటంటే దానికి భయం.

ఒప్పందం నకలు ముందు నాకు పంపు. డిసెంబరులో వచ్చినప్పుడు వాళ్ళు నడిపే చోటికి ఇద్దరమూ పగలు కాకుండా, చెప్పకుండా రాత్రి పది దాటాక వెళదాం. ఒక గదిలో తాడు నేను లాగుతాను, ఎవరు వస్తారో, ఎంతసేపటికి వస్తారో నీవు గడియారం చూడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ