సామ్రాజ్ఞియా, సమ్రాజ్ఞియా?

సందేహం: రష్యాను పాలించిన రెండవ కేథరిన్‌పై వ్యాసం రాస్తూ ఆమెను ‘సామ్రాజ్ఞి’ అన్నాను. చూసిన పెద్దలొకరు ‘సమ్రాజ్ఞి’ అని దిద్దారు. మరొకరు ‘మహారాణి’ అంటే చాలునన్నారు. ఏది సాధువు? పరాయి దేశంలో పుట్టి కోడలిగా వచ్చిన ఆమెకు ఇంత పెద్ద మాట తగునా?

సమాధానం: మీ రెండవ ప్రశ్నకు జవాబు చెబితే మొదటిది దానంతట అదే తేలుతుంది. ‘సమ్రాజ్ఞి’ అన్న మాట మన వాఙ్మయంలో మొదట వినిపించేదే పరాయి ఇంటినుంచి వచ్చిన కోడలిని ఉద్దేశించి. ఋగ్వేదం పదవ మండలంలోని వివాహసూక్తంలో వధువును దీవిస్తూ ‘సమ్రాజ్ఞీ శ్వశురే భవ, సమ్రాజ్ఞీ శ్వశ్ర్వాం భవ, ననాందరి సమ్రాజ్ఞీ భవ, సమ్రాజ్ఞీ అధి దేవృషు’ అన్నారు. మామగారి దగ్గర, అత్తగారి దగ్గర, ఆడబిడ్డ దగ్గర, మరుదుల మీద నీవు సమ్రాజ్ఞివి కమ్మని దాని భావం. ఒక్క మంత్రంలో నాలుగుసార్లు వచ్చిన ఈ మాటలో ‘స’కు ఒక్కసారి కూడా దీర్ఘం లేదు. ఆ జాబితాలో భర్త ప్రస్తావన లేకపోవడం కూడా గమనించదగినది.

1729లో ప్రష్యాలోని స్టెట్టిన్ పట్టణంలో, చిన్న జర్మన్ రాచకుటుంబంలో పుట్టిన సోఫియా 1744లో రష్యాకు వచ్చి, ఆర్థడాక్స్ మతం స్వీకరించి, యెకతెరీనా (ఇంగ్లీషులో కేథరిన్) అలెక్సేయెవ్నా అనే పేరు పొందింది. అప్పుడు సింహాసనం మీద ఉన్న ఎలిజబెత్ ఆమె పెళ్లాడబోయే పీటరుకు పినతల్లి, అంటే ఈమెకు అత్తవరుస. 1762లో భర్తను గద్దె దించి తానే పాలకురాలై, 1796లో మరణించేవరకు 34 ఏళ్లు ఏలిన ఈ కోడలికి వివాహమంత్రంలోని మాట తగదని నేననలేను.

ఇక దీర్ఘం సంగతి. ‘రాజ్’ ధాతువుకు ప్రకాశించడమని, ఏలడమని అర్థాలు. దానికి ‘సమ్’ ఉపసర్గ చేరితే సమ్రాట్టు. సంరక్షణ, సంరంభం మొదలైన మాటల్లో ‘ర’కు ముందున్న మకారం సున్న అయింది గదా, ఇక్కడ ఎందుకు కాలేదంటే, ఈ ఒక్క శబ్దంకోసం పాణిని ‘మో రాజి సమః క్వౌ’ అని ప్రత్యేకంగా సూత్రం చేసి ఆ మకారాన్ని నిలబెట్టాడు. అంత శ్రద్ధతో కాపాడిన మాటను మనం ఇప్పుడు ‘సామ్రాట్’ అని రాసి, అచ్చువేసి, పిల్లలకు పేరుగా కూడా పెడుతున్నాం. రాజసూయం చేసి, రాజమండలానికి ఈశ్వరుడై, ఇతర రాజులను తన ఆజ్ఞతో శాసించేవాడు సమ్రాట్టని అమరకోశం నిర్వచనం. అతని పదవి సామ్రాజ్యం. భావార్థక ప్రత్యయంవల్ల వచ్చిన ఆదివృద్ధి అది. సుందరికి సౌందర్యం ఉంటుందిగాని, ఆమెను ఎవరూ ‘సౌందరి’ అనరు. సామ్రాజ్యాన్ని చూసి సమ్రాజ్ఞికి దీర్ఘం పెట్టడం సరిగ్గా అటువంటి పనే.

‘చక్రవర్తిని’ నిర్దుష్టమైన రూపమే, వాడుకోవచ్చు. ‘రాణి’ ‘రాజ్ఞి’నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన మాట. రాజు భార్యకూ, రాజ్యమేలిన స్త్రీకీ అదొక్కటే కావడం దానిలోని చిక్కు. రష్యన్లకూ ఇదే చిక్కు ఉండేది. 1721లో మొదటి పీటరు ‘ఇంపెరాతర్’ (చక్రవర్తి) బిరుదు ధరించాక వచ్చిన స్త్రీరూపం ‘ఇంపెరాత్రిత్స’ పట్టపుదేవికీ, పాలకురాలికీ చెల్లింది. అందుచేత స్వయంగా ఏలిన స్త్రీ బిరుదులో ‘సమొదెర్జిత్స’ అన్న మాట కూడా చేరింది. ‘సమొ’ అంటే తాను, ‘దెర్జ్’ అంటే పట్టుకొనడం: అధికారాన్ని తన చేతనే పట్టుకున్నది. ఇంత చక్కని మాటకు సాటి తెలుగులో కుదురుకోలేదని నాకు బాధ. మన రుద్రమదేవినైతే శాసనాలు ‘రుద్రదేవ మహారాజు’ అని పురుషనామంతోనే పేర్కొన్నాయి.

‘కేథరిన్ ది గ్రేట్’ అని పత్రికల్లో రాస్తున్నారు. తెలుగు వాక్యంలో ఆ ‘ది’కి ఏం పని? 1767లో శాసనసభ్యులు ‘మహా’ బిరుదు ఇవ్వజూపితే ఆమే వద్దన్నది. రెండవ కేథరిన్ అన్న మీ ప్రయోగమే మేలు. 1783లో రష్యన్ భాషకోసం అకాడమీ నెలకొల్పి, దానికి దాష్కొవా అనే విదుషిని అధ్యక్షురాలిగా నియమించి, నిఘంటువు కూర్పించిన పాలకురాలి విషయంలోనైనా మాట తూచి వాడడం మన విధి.

కాబట్టి నేనైతే ‘సమ్రాజ్ఞి’ అనే రాస్తాను. ‘సామ్రాజ్ఞి’ లోకంలో ఎంత పాతుకుపోయిందంటే, దాన్ని వాడినవారిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ‘మహారాణి’ని మాత్రం విక్టోరియాకు వదిలిపెట్టండి. అక్కడ కూడా, ఆమె భారత సమ్రాజ్ఞి బిరుదు పొందిన 1876 తరువాతి భారతదేశం మాట వస్తే నేను మళ్లీ ఆలోచించవలసి ఉంటుంది.