నరమా, నాడియా?

సందేహం: మా పెద్దమ్మకు బుగ్గలో ఉండి ఉండి భరించలేని నొప్పి, కంటి కింద అదురు. చెవి లోపలి వైపు, మెదడు పక్కన పెరిగిన కణితి నరాలను నొక్కుతోందని డాక్టరు చెప్పారు. చేతికిచ్చిన తెలుగు కరపత్రంలో మాత్రం ‘కపాల నాడీ సంపీడనం, ముఖ దుస్సంకోచం’ అని ఉంది. నరం అనాలా, నాడి అనాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: పెద్దమ్మగారు త్వరగా కోలుకోవాలి. కరపత్రం రాసినవారిని నాడి విషయంలో తప్పుపట్టలేను. 12 జతల కపాల నాడులని పాఠ్యపుస్తకాలే నేర్పాయి. కానీ సంస్కృతంలో నాడి అంటే బోలు కాడ, గొట్టం. వైద్యుడు మణికట్టు దగ్గర పట్టి చూసేదానికి ఆ పేరు అతుకుతుంది. మెదడు నుంచి ముఖానికి వచ్చేది గొట్టం కాదు, పోగుల కట్ట.

నరము మన సొంత సొత్తు. తమిళంలో నరంబు, మలయాళంలో ఞరంబు, కన్నడంలో నర. తమిళ నరంబుకు యాళ్ అనే వాద్యపు తీగ అనే అర్థమూ ఉంది. గ్రీకువారి ‘న్యూరాన్’ కూడా మొదట కండరపు బందు, వింటినారి. నేటి అర్థం తరువాత వచ్చింది. బిగిసి లాగే తాడన్న ఊహ రెండు చోట్లా ఉందన్నమాట! మన ‘నరం లేని నాలుక’లోనూ నరం అంటే పట్టి ఆపే పగ్గమేనని నా అభిప్రాయం. పగ్గమని అనుకోకపోతే ఆ మాట నిలవదు, నాలుకకు నరాలున్నాయి కదా. ఆ 12 జతల వరుసలో నాలుకను ఆడించేది 12వ నరం. దాని ముందుభాగానికి స్పర్శ 5వ దాని వల్ల, రుచి 7వ దాని వల్ల. మీ పెద్దమ్మగారి బుగ్గ నొప్పి ఆ అయిదోదాని పని, అదురు ఏడోదాని పని.

ఇక ‘దుస్సంకోచం’! అది చదివిన రోగి తనకేదో చెడ్డ మొహమాటం పట్టుకుందనుకోడా? కన్ను అదరడం తెలియని తెలుగువారున్నారా? ఈడ్పు అంటే మూర్ఛ అని బెదిరిపోతారు కనుక అదురే మేలు. నొప్పికీ పోటు అనే మాట ఉంది. పొడుచు నుంచి వచ్చింది. ఈ జబ్బు పొడిచినట్టే ఉంటుంది. పంటిపోటని పొరబడి పళ్లు పీకించుకున్నవారూ ఉన్నారు.

నరంతోనూ ఒక చిక్కుంది. ‘నరానికి ఇంజెక్షన్’ అంటే మనవాళ్ల లెక్కలో రక్తనాళానికే. పైగా ఈ జబ్బులో చాలామందికి నొక్కేది కణితి కాదు, పక్కనున్న రక్తనాళం. అప్పుడు నరాన్ని నరం నొక్కిందనాలి కాబోలు! పరీక్ష రాసే పిల్లలు నాడి అనే రాయండి, మార్కులు పోగొట్టుకోకండి. రోగికి చెప్పేటప్పుడు నరమే నయం, రక్తనాళాన్ని రక్తనాళమని విడిగా అంటే.