ఎముక చెప్పినంత వరకే

చిరంజీవికి ఆశీస్సులు.

రూప్‌కుండ్ గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఉత్తరాఖండ్‌లో అయిదువేల మీటర్ల ఎత్తున ఉన్న ఆ చిన్న సరస్సు ఒడ్డున ఎముకలై మిగిలిన వందలమంది ఒకే వడగళ్ళవానకు కూలిపోయారని మొదటి పేరాలోనే తేల్చేశావు. ఆ మాట కొత్తగా వినిపించిన రోజుల్లో నేనూ అలాగే రాసి మెప్పు పొందాను. కొన్ని పుర్రెల మీద మానని దెబ్బలున్నాయని నిపుణులు అంటే, ఆ ‘కొన్ని’ని నేను ‘అన్ని’ చేశాను.

2019లో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, హార్వర్డ్ తదితర సంస్థల శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన పరిశోధనతో నా వ్యాసం చిత్తుకాగితమైంది. డీఎన్ఏ దొరికిన 38 మందిలో దక్షిణాసియా మూలాల వారు 23 మంది. వారైనా ఒకేసారి పోలేదు, క్రీ.శ. 7–10 శతాబ్దాల మధ్య వేర్వేరు కాలాల్లో పోయారు. మరో 14 మంది నేటి గ్రీసు, దాని క్రీటు దీవి ప్రజలకు దగ్గరివారు, మరణించింది సుమారు 1800 ప్రాంతంలో. మిగిలిన ఒక్కరివి ఆగ్నేయాసియా మూలాలు.

ఈ అంకెలు అప్పజెప్పి ఊరుకోకు, ఒక్క ఎముక దగ్గరైనా కాసేపు కూర్చో. వరి, గోధుమ, బార్లీ గాలిలోని కార్బన్‌ను ఒక తీరున పట్టుకుంటాయి. జొన్న, సజ్జ, రాగి మరో తీరున పట్టుకుంటాయి కనుక వాటిలో కార్బన్-13 అనే బరువైన కార్బన్ పాలు కాస్త ఎక్కువ. తిన్న తిండిలోని ఆ తేడా ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌లో నిలిచిపోతుంది. రాగిసంగటి తిని పెరిగినవాడి ఎముక, వరి అన్నం తిని పెరిగినవాడి ఎముక ఒకే లెక్క చూపవు. ఆ 14 మంది ఎముకల్లో చిరుధాన్యాల జాడ దాదాపు లేదు. దక్షిణాసియా వారిలో మాత్రం కొందరు వాటిని బాగానే తిన్నారు. డీఎన్ఏ విడదీసిన గుంపులను తిండి కూడా వేరుగానే చూపింది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, వడగళ్ళలో కాదు.

పదాల దగ్గర మరీ జాగ్రత్త. ‘గ్రీసు ప్రజలకు దగ్గరివారు’ అన్నదాన్ని ‘గ్రీకు యాత్రికులు’ అని దిద్దకు. వారు అంత దూరం ఎందుకు వచ్చారో ఏ ఎముకా చెప్పలేదు. ఆ ఎముకల్లో రోగకారక బాక్టీరియా జాడ ‘దొరకలేదు’ అంటే ‘రోగం లేదు’ అని అర్థం కాదు. దేవి ఆగ్రహించి యాత్రాబృందాన్ని కూల్చిందని చెప్పే నందాదేవి జాతర పాటను తీసేయమనను, పాత గుంపులో కొందరికి యాత్ర మాట సరిపోవచ్చు కూడా. కానీ దాన్ని పాటగానే ఉంచు.

మొదటి పేరా కొట్టేసి, ఆ 14 మందితో మొదలుపెట్టి, సంక్రాంతి లోపు మళ్ళీ పంపు.